గుండె రంధ్రం మూసిన తరువాత
(సంఘ వార్షిక సమావేశములో వైద్య సహాయ ఉపసంఘము తరపున చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరము ఈ సభలో మేము లెక్కలు చదువుతాము. ఇన్ని కళ్ళద్దాలు ఇచ్చాము, ఇంతమందికి మందులు ఇప్పించాము, ఇన్ని ఆపరేషన్లకు దారి ఖర్చులు ఇచ్చాము అని. మీరు చప్పట్లు కొడతారు. ఈ సారి లెక్క చదివేముందు మా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉంది. తప్పు చెప్పుకున్న తరువాతనే దానికి మందు ఏమిటో కూడా మనవి చేస్తాము.

2011లో మన ఊరి బిడ్డ ఒకతికి, అప్పటికి ఏడేండ్ల పిల్ల, గుండెలో రంధ్రము ఉన్నదని తేలింది. తండ్రి ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ పని. మేము వెంట నడిచాము. పెద్దాసుపత్రిలో కోత లేకుండా, తొడ దగ్గరి నరం గుండా ఒక చిన్న పరికరం పంపి ఆ రంధ్రం మూసినారు. మూడో రోజుకే బిడ్డ రైలు దిగి నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. ఆ ఏటి మన సంచికలో ఆ బిడ్డ ఫొటో వేసి క్రింద "పూర్తిగా నయమైనది" అని మేమే వ్రాశాము. ఆ "పూర్తిగా" అనే మాట మేము వ్రాయకుండా ఉండవలసింది.

ఎందుకంటే, ఆ తరువాత ఆ ఇంటివాళ్ళు మూడుసార్లు పరీక్షకు పోయి, నాలుగోసారి మానుకున్నారు. మేమూ అడగలేదు. ఎప్పుడైనా దారిలో కనిపిస్తే తండ్రి, "ఏముంది భాయ్, బొక్క పూడిపాయె, బిడ్డ గుర్రం మాదిరి ఉరుకుతాంది, మళ్లా యాల పోవల్ల?" అనేవాడు. మాకూ ఆ మాట బాగానే తోచింది. పన్నెండేండ్లు గడిచినాయి. 2023లో ఆ అమ్మాయికి నిఖా కుదిరే సమయంలో తలనొప్పి వచ్చి డాక్టరు ఎం.ఆర్.ఐ. తీయించమన్నాడు. స్కానింగు చోట "ఒంట్లో ఏదైనా లోహం ఉందా?" అని అడిగితే తల్లి నిజమే చెప్పింది, గుండెలో ఉందని. "ఏ పరికరం, ఏ కంపెనీ, ఏ సైజు, కార్డు ఏది?" అన్నారు. కార్డు లేదు. కాగితాలన్నీ పెట్టిన రేకుపెట్టె అడుగున చెదలు పట్టి పొడి అయి ఉన్నాయి. స్కాను తీయకుండా తిప్పి పంపినారు. వాళ్ళను అనడానికి లేదు. తెలియని లోహము ఉన్న మనిషిని ఆ అయస్కాంతము క్రిందికి తోయకపోవడమే వాళ్ళ ధర్మం.

ఆ రాత్రి ఆ తల్లి మా ఇంటికొచ్చి ఒక మాట అడిగింది: "సాబ్, లోపల ఉండేది ఇప్పుడెట్లుందో ఎవరికన్నా తెలుసునా?" మాకు జవాబు లేదు. నేటి ఈ ప్రసంగం ఆ ప్రశ్నకు జవాబు.

ముందు ఆ రంధ్రం సంగతి. మన గుండెలో నాలుగు గదులున్నాయి. పై రెండు గదుల నడుమ గోడలో ఉండే రంధ్రాన్ని డాక్టర్లు ఏ.ఎస్.డి. అంటారు. క్రింది రెండు గదుల నడుమ ఉంటే వి.ఎస్.డి. తల్లి కడుపులో ఉన్నప్పుడు అవసరమై, పుట్టిన తరువాత దానంతట అది మూసుకోవలసిన ఒక నాళం మూసుకోకపోతే పి.డి.ఏ. పుట్టే పిల్లల్లో వేయికి సుమారు 8 మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందని ప్రపంచమంతటా ఉన్న లెక్క. దగ్గరి రక్తసంబంధంలో చేసుకునే పెళ్లిళ్ళలో ఇవి కొంత ఎక్కువగా కనబడుతున్నాయని కూడా వైద్యులు చెబుతున్నారు. మేనరికం మన సీమలో అన్ని మతాల్లోనూ ఉన్నదే గనుక ఇది ఒక్కరిని వేలెత్తి చూపే మాట కాదు.

ఏ.ఎస్.డి. ఉన్న బిడ్డకు ఎడమ గదిలోని రక్తం కుడి గదిలోకి కారుతూ ఉంటుంది. కుడివైపు గదులకు, ఊపిరితిత్తులకు పని ఎక్కువవుతుంది. చిన్నప్పుడు ఏమీ తెలియదు. మూడు పదులు, నాలుగు పదులు దాటేసరికి కుడివైపు గుండె సాగిపోయి ఆయాసం, దడ మొదలవుతాయి. అందుకని రంధ్రం పెద్దదైతే ముందుగానే మూస్తారు.

మొదట్లో ఛాతీ తెరిచి కుట్టడమే మార్గం. 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల యంత్రం సహాయంతో 18 ఏండ్ల అమ్మాయికి ఇటువంటి రంధ్రాన్నే మూసి చరిత్ర సృష్టించినాడు. కోత లేకుండా మూయాలనే ఆలోచన కూడా పాతదే. 1967లో జర్మనీలో పోర్స్ట్‌మన్ అనే డాక్టరు పి.డి.ఏ.ను గొట్టం గుండా మూసిన సంగతి ప్రకటించినాడు. 1976లో అమెరికాలో కింగ్, మిల్స్ అనే ఇద్దరు డాక్టర్లు రెండు చిన్న గొడుగుల వంటి పరికరంతో ఏ.ఎస్.డి. మూసిన సంగతి ప్రచురించినారు. ఆ తరువాత ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పని చేసిన డాక్టర్ కర్ట్ ఆంప్లాట్జ్ నిటినాల్ తీగతో అల్లిన పరికరం తయారు చేసినాడు. నిటినాల్ అంటే నికెలు, టైటానియం కలిసిన లోహం. సన్నని గొట్టంలో ముడుచుకొని పోయి, బయటికి రాగానే తన రూపం తాను జ్ఞాపకం తెచ్చుకొని విచ్చుకుంటుంది. 1995లో తొలిసారిగా మనుషులకు వాడినారు. 2001 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. చూడడానికి రెండు బిళ్ళలు, నడుమ చిన్న నడుము. గోడకు అటొక బిళ్ళ, ఇటొక బిళ్ళ పట్టుకుంటుంది. మన ఆడవాళ్ళు దానిని గుండీ అంటున్నారు. మంచి పేరు.

ఈ విద్యలో మన తెలుగువాళ్ళు వెనకబడి లేరు. 1998లో డాక్టర్ అబ్దుల్ కలాం గారు, హైదరాబాదు డాక్టర్ సోమరాజు గారు కలిసి గుండె రక్తనాళాలకు చౌకైన స్టెంటు తయారు చేసిన సంగతి మీకు తెలిసినదే. అట్లాగే హైదరాబాదు పిల్లల గుండె వైద్యులు డాక్టర్ కోనేటి నాగేశ్వరరావు గారు వి.ఎస్.డి. మూసే పరికరమొకటి రూపొందించినారు. కోనార్ అనే పేరుతో వచ్చిన ఆ పరికరానికి 2018లో యూరపు అనుమతి లభించి అనేక దేశాల్లో వాడుతున్నారు.

ఇక పేదవానికి ఇది అందినది ఎట్లా? జమ్మలమడుగులో, పులివెందులలో డాక్టరుగా రోగులను చూసి తరువాత ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి కాలంలో 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె రంధ్రాలను పరికరంతో మూయడం కూడా అందులో చేరింది. 2024లో ఆ పథకానికి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పేరు మారింది. పుట్టపర్తిలో 1991 నుండి ఉచితంగా గుండె చికిత్స చేసే ఆసుపత్రి ఉన్నది. తిరుపతిలో 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచినారు. మన స్టేషనులో రైలెక్కితే రేణిగుంటలో దిగి పోవచ్చు. అంటే మూయించుకోవడం ఒకప్పటి అంత కష్టం కాదు. కష్టమంతా ఆ తరువాత మరిచిపోకుండా ఉండడంలోనే వచ్చింది.

మూసిన తరువాత లోపల ఏమి జరుగుతుంది? మొదటి మూడు నుండి ఆరు నెలల్లో ఆ పరికరము మీద మన శరీరమే సన్నని పొర అల్లుకుంటుంది. అంతవరకు దాని మీద రక్తం గడ్డ కట్టకుండా సాధారణంగా ఆస్పిరిన్ మాత్ర ఇస్తారు. కనీసం ఆరు నెలలు. డాక్టరు చెప్పకుండా మాత్ర మానరాదు. ఆ ఆరు నెలల్లో పన్ను పీకించుకోవలసి వస్తే గుండెలో పరికరం ఉన్నదని పన్ను డాక్టరుకు ముందే చెప్పాలి. ముందుగా యాంటీబయాటిక్ ఇస్తాడు. పరికరం ప్రక్కన లీకు మిగిలి ఉంటే ఈ జాగ్రత్త ఆరు నెలలు దాటినా పాటించాలి.

పరికరం జారిపోవడం అనేది అరుదు. జారితే ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జారుతుంది. అందుకనే ఇంటికి పంపేముందు ఎకో తీస్తారు. ఇంకొకటి మరీ అరుదైనది, కాని తెలిసి ఉండవలసినది: పరికరం అంచు గుండె గోడను కొద్దికొద్దిగా ఒరిసి గాయం చేయడం. వేయిమందిలో ఒకరి నుండి ముగ్గురి వరకు అని అంచనా. ఇది కూడా ఎక్కువగా తొలి ఏడాదిలోనే, కాని కొందరికి ఏండ్ల తరువాత కూడా జరిగింది. హఠాత్తుగా ఛాతీనొప్పి, ఆయాసం, కళ్ళు తిరిగి పడిపోవడం వస్తే "గ్యాసులే" అని సోడా త్రాగి పడుకోక వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. పోయిన వెంటనే మొదటి మాటగా పరికరం సంగతి చెప్పాలి.

మిమ్ములను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. నూటికి తొంభై మందికి పైగా ఈ చికిత్స తరువాత హాయిగా ఉంటారు. మన ఊరి సంగతే తీసుకోండి. 2021 నవంబరులో వచ్చిన పాపాఘ్ని వరద మనలో ఎవరూ మరువలేదు. వంతెన ఎట్లా కుంగి కూలిందో కళ్ళారా చూసినాము. పైన బస్సులు, బండ్లు పోతున్నంత కాలం వంతెన బాగున్నట్టే ఉంటుంది. క్రింద స్తంభం దగ్గర ఇసుక ఎట్లా ఉన్నదో దిగి చూసినవాడికే తెలుస్తుంది. బిడ్డ ఉరకడము, ఆడడము పైన పోయే బస్సుల వంటివి. లోపలికి దిగి చూసే కన్ను ఎకో.

ఎకో అంటే శబ్ద తరంగాలతో తీసే బొమ్మ. 1953లో స్వీడనులో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు దీనిని గుండెకు మొదట వాడినారు. ఎక్సురే వంటి కిరణాలు ఇందులో లేవు. సూది లేదు, నొప్పి లేదు. ఎన్నిసార్లు తీసినా హాని లేదు. గర్భిణికి కూడా తీయవచ్చు. సాధారణ ఎకోకు పస్తు ఉండనవసరం లేదు, ఉన్నా ఇబ్బంది లేదు గనుక రంజానులో తేదీ పడినా మానుకోనక్కరలేదు. బొమ్మ సరిగా కనబడని పెద్దవాళ్ళకు మాత్రం గొంతు గుండా గొట్టం వేసి తీసే ఎకో ఉన్నది. దానికి ఖాళీ కడుపు కావాలి.

ఆ బొమ్మలో డాక్టరు ఏమి చూస్తాడు? పరికరం తన చోట తాను నిలిచి ఉన్నదా? ప్రక్కన రక్తం ఇంకా కారుతున్నదా? రంగుల డాప్లరులో అది తెలుస్తుంది. మొదట్లో కనబడే చిన్న లీకులు చాలావరకు కొన్ని నెలల్లో అవే పూడిపోతాయి. సాగిపోయిన కుడివైపు గదులు తిరిగి తమ కొలతకు వస్తున్నవా? ఊపిరితిత్తుల ఒత్తిడి తగ్గినదా? ప్రక్కనున్న కవాటాలకు పరికరం తగిలి లీకు వచ్చినదా? గుండె చుట్టూ ఉండే సంచిలో నీరు చేరినదా? పరికరం మీద గడ్డ ఉన్నదా? ఇవన్నీ పావుగంట, అరగంటలో తేలతాయి. పాత కొలతలు చేతిలో ఉంటే కొత్త కొలతకు విలువ రెట్టింపు అవుతుంది. అందుకని పాత కాగితం పారవేయరాదు.

ఎకోతో పాటు ఇ.సి.జి. కూడా తీయించాలి. వి.ఎస్.డి. మూసినవాళ్ళకు ఇది ముఖ్యం. గుండెకు కొట్టుకొమ్మని ఆజ్ఞలు తీసుకుపోయే దారి ఆ రంధ్రం ప్రక్కనే పోతుంది. పరికరం ఒత్తిడికి ఆ దారి దెబ్బతింటే కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. ఇది అరుదు, కాని ఆలస్యంగా కూడా రావచ్చు. మన మండలంలోనే ఒక పిల్లవానికి మూసిన అయిదో ఏట మామూలు పరీక్షలో ఇది బయటపడింది. బడిలో రెండుసార్లు కళ్ళు తిరిగితే ఎండ దెబ్బ అనుకున్నారట. పేస్‌మేకరు పెట్టినారు. ఇప్పుడు చదువుకుంటున్నాడు. ఆ తల్లిదండ్రులు తేదీ తప్పకుండా పోయినారు గనుక బిడ్డ దక్కినాడు.

ఎప్పుడెప్పుడు పోవాలి? సామాన్యంగా మూసిన మరునాడు, నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి, తరువాత రెండో ఏడాదికి. అంతా బాగుంటే ఆ పైన మూడు నుండి అయిదేండ్లకు ఒకసారి. ఏ బిడ్డకు ఎప్పుడు అనేది మీ డాక్టరే చెప్పాలి. నలభై దాటిన తరువాత మూయించుకున్నవాళ్ళకు రంధ్రం పూడినా దడ, లయ తప్పడం మిగిలి ఉండవచ్చు. వాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంత దూరం చూడడం అవసరమా అంటారా? ఇందాక చెప్పిన కింగ్, మిల్స్ అనే డాక్టర్లు తమ మొట్టమొదటి రోగులను పాతికేండ్లు దాటిన తరువాత కూడా వెదికి పరీక్షించి, వాళ్ళు ఎట్లున్నారో 2003లో ప్రచురించినారు. గొడుగు పెట్టిన డాక్టర్లే అన్నేండ్లు మరిచిపోలేదు. పెట్టించుకున్న మనము ఏడాదికే మరిచిపోతే ఎట్లా?

ఇక మన ఇండ్లలో ఉండే అసలు అడ్డంకులు రెండు చెబుతాము. ఎవరూ నొచ్చుకోవద్దు.

మొదటిది సిగ్గు. ఎకోకు ఛాతీ మీద గుడ్డ తొలగించాలి. ఆడపిల్లకు పన్నెండు, పదమూడు ఏండ్లు రాగానే తల్లులు పరీక్ష మానిపిస్తున్నారు. అమ్మలారా, తల్లిని లోపల ఉండనివ్వమని, పైన దుప్పటి కప్పమని, ఉంటే ఆడ టెక్నీషియన్ చేత తీయించమని నోరు తెరిచి అడగండి. అడగడంలో తప్పు లేదు. ముందే ఫోను చేసి అడిగితే ఇంకా మంచిది.

రెండోది పెండ్లి. "గుండె జబ్బు పిల్ల అంటారు, సంబంధం తప్పిపోతుంది" అనే భయంతో కాగితాలు దాచేస్తున్నాము, కొన్నిచోట్ల చించేస్తున్నాము. దాచిన కాగితం అత్తవారింట్లో కాన్పు సమయంలో కావలసి వస్తుంది. అప్పుడు చెప్పడం కన్నా ముందే, "చిన్నప్పుడు రంధ్రం ఉండె, మూయించినాము, మొన్న కూడా చూపించినాము, ఇదిగో రిపోర్టు" అని చెప్పడం గౌరవం. కొత్త ఎకో కాగితం బిడ్డకు మచ్చ కాదు, రక్ష. గర్భం రాకముందు ఒకసారి చూపించుకోవాలి. గర్భం వచ్చిన తరువాత 18 నుండి 22 వారాల నడుమ కడుపులోని బిడ్డ గుండెకు కూడా ఎకో తీస్తారు. తల్లికి లోపం ఉన్నప్పుడు బిడ్డకు వచ్చే అవకాశం మామూలు కన్నా కొంచెం ఎక్కువ గనుక ఇది తప్పక తీయించాలి.

ఎం.ఆర్.ఐ. సంగతి కూడా. నిటినాల్ పరికరాలతో చాలావరకు ఎం.ఆర్.ఐ. తీయవచ్చు, కాని కంపెనీ చెప్పిన హద్దుల్లోనే. ఆ హద్దులు తెలియాలంటే కార్డు కావాలి. ఇంటికి పంపే రోజున ఆసుపత్రిలో పరికరం పేరు, సైజు, నంబరు, తేదీ వ్రాసిన కార్డు అడిగి తీసుకోండి. దానికి నాలుగు నకళ్ళు తీసి ఒకటి ఇంట్లో, ఒకటి బిడ్డ బడిలో, ఒకటి మీ ఫోనులో ఫొటోగా, ఒకటి మన సంఘ కార్యాలయంలో ఉంచండి. పోయినవాళ్ళు ఆసుపత్రి రికార్డుల గదిలో పాత నంబరు, సంవత్సరం చెప్పి నకలు అడగవచ్చు. ఉచిత పథకంలో చేయించుకున్నవాళ్ళు తరువాతి పరీక్షలు అందులో వస్తాయో రావో అక్కడి మిత్ర కౌంటరులో అడిగి తెలుసుకోండి. బడి పిల్లలను పరీక్షించే బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి ఉన్నది. ఆ డాక్టర్లు బడికి వచ్చినప్పుడు కూడా పరికరం సంగతి చెప్పండి.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి ముగిస్తాము. ఆ మరుసటి వారమే తల్లిని, బిడ్డను మేమే వెంటబెట్టుకొని పోయినాము. రికార్డుల గదిలో రెండు పూటలు కూర్చుంటే పాత ఫైలు దొరికింది. ఎకో తీసినారు. తల్లి లోపలే ఉంది. మేము బయట బల్ల మీద కూర్చొని తస్బీహ్ త్రిప్పుకుంటూ ఉన్నాము. బయటికి వచ్చి తల్లి ఒకటే మాట అనింది: "ఉండాల్సిన చోటనే ఉంది, సాబ్." లీకు లేదు. కుడివైపు గదులు మామూలు కొలతకు వచ్చినాయి. కార్డు చూపితే ఎం.ఆర్.ఐ. కూడా తీసినారు. తలనొప్పికి కారణం వేరే, చిన్నదే. పెండ్లివారికి రిపోర్టు చూపించినారు. నిఖా జరిగింది.

అంతా మంచిగానే ముగిసింది కదా, ఇంక తప్పేమిటి అని మీరనవచ్చు. ఆ పన్నెండేండ్లు మంచిగా ఉన్నది అల్లాహ్ దయ. మా జాగ్రత్త వలన కాదు. దయ మీద భారం వేసి మన పని మనము మానరాదు.

కావున ఈ సంవత్సరము నుండి మేము ఒక రిజిస్టరు తెరుస్తున్నాము. కులమతాల పట్టింపు లేకుండా, కమలాపురం మండలంలో గుండెలో పరికరం ఉన్న ప్రతి బిడ్డ పేరు, మూసిన తేదీ, కార్డు నకలు, తరువాతి పరీక్ష తేదీ అందులో వ్రాస్తాము. ఆ పుస్తకం తాళంలో ఉంటుంది, ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ చూపము. తేదీకి నెల ముందు మా మనిషి ఇంటికి వచ్చి చెబుతాడు. దారి ఖర్చులు లేనివారికి సంఘం ఇస్తుంది. ఆడవాళ్ళు పోవలసి వస్తే తోడు ఒక ఆడమనిషిని పంపుతాము. ఈ పనికి పెద్ద పెద్ద చందాలు అక్కరలేదు. ఒక బిడ్డకు ఒకసారి రైలు, బస్సు, భోజనం ఖర్చు భరించగలవారు ఈ రోజే కార్యదర్శి గారి దగ్గర పేరు వ్రాయించండి.

ఇక మీదట సంచికలో బిడ్డల ఫొటోలు వేసినా "పూర్తిగా నయమైనది" అని వ్రాయము. "ఫలానా ఏట మూసినారు, ఈ ఏట చూపించినారు, బాగున్నది" అని వ్రాస్తాము. వచ్చే ఏడు మళ్ళీ వ్రాస్తాము. అట్లా వ్రాస్తూ పోవడమే మన పని, ఇన్షా అల్లాహ్.